మాటు నుంచి ఎడం వరకు: కలివికోడి అన్వేషణ, వన్యప్రాణి ఛాయాచిత్రణ – ఒక చారిత్రక పరిశీలన

కీలకపదాలు: వన్యప్రాణి ఛాయాచిత్రణ, కలివికోడి, మాటు, ఉచ్చు, గౌతమీతీరం.

ఉపోద్ఘాతం:
వన్యప్రాణిని సమీపించడానికి సంబంధించి తెలుగులో ఉన్న పదజాలం చాలావరకు వేటకు చెందినదే. మాటు, మంచె, పొంచి ఉండటం, గురి, ఉచ్చు అన్నవి అందుకు ఉదాహరణలు. మనిషి చేతిలోకి కెమెరా వచ్చిన తరువాత కూడా ఈ మాటలే కొనసాగాయి. మాటలతోపాటు వేట స్వభావం ఎంతవరకు కొనసాగింది, ఎక్కడ తెగిపోయింది అన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

వేట ఉపాయం – కెమెరా:
అమెరికాలో జార్జి షైరస్ రాత్రివేళ పడవలో దీపంతో జంతువులను సమీపించే వేట పద్ధతిని స్వీకరించి, తుపాకికి బదులు కెమెరాను వాడాడు. ఆ చిత్రాలు 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వెలువడ్డాయి. మన దేశంలో అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ పులి నడిచే దారికి అడ్డంగా తీగ కట్టి, దాని కాలు తగిలినప్పుడు కెమెరా పనిచేసే ఏర్పాటు చేశాడు. ఆ అనుభవాలతో ఆయన గ్రంథం 1927లో వెలువడింది. వీరిద్దరూ వేట ఉపాయాన్ని నిలుపుకొని, వధను విడిచిపెట్టారు.

కలివికోడి సాక్ష్యం:
1848లో శాస్త్రలోకానికి పరిచయమైన కలివికోడి పెన్నా, గోదావరి లోయల్లో నమోదైంది. 1900 తరువాత దాని జాడ లేదు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి ప్రాంతంలో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ అన్వేషణలో అది మళ్లీ వెలుగులోకి వచ్చింది. రాత్రి దీపపు వెలుగులో చేతికి చిక్కిన ఆ పక్షి కొద్దిరోజులకే మరణించింది. శాస్త్రానికి నమూనా మిగిలింది గాని పక్షికి ప్రాణం మిగలలేదు. ఇది ఎవరి దుర్బుద్ధి ఫలితమూ కాదు. చేతికందేంత సామీప్యానికి పక్షి చెల్లించిన మూల్యం.

తరువాతి పరిశోధకులు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య ప్రాంతపు పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి పాదముద్రలను పరిశీలించారు. స్వయంచాలిత కెమెరాలనూ అమర్చారు. ఈ పద్ధతిని వివరించిన పరిశోధనపత్రం 2002లో వెలువడింది. ఛాంపియన్ తీగ ఇక్కడ మరో రూపంలో తిరిగి వచ్చింది. పక్షి తన దారిన తాను నడిచింది, మనిషి దూరంగా ఉండిపోయాడు. కెమెరాను ‘ఉచ్చు’ అనే అంటున్నా, అందులో చిక్కేది జీవి కాదు, దాని జాడ మాత్రమే.

చట్టం – వర్తమానం:
1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లను, గూళ్లను చెదరగొట్టడాన్నీ ‘వేట’ నిర్వచనంలో చేర్చింది. అంటే తుపాకి లేకున్నా వేట జరగవచ్చునని చట్టం గుర్తించింది. ఈ గుర్తింపు అభయారణ్యాలకే పరిమితం కాదు. ఏడు శనివారాల దర్శనానికి భక్తులు తరలివచ్చే వాడపల్లి వంటి గౌతమీతీర గ్రామాల్లో నేడు ప్రతి చేతిలోనూ కెమెరా ఉంది. నదుల ఇసుకతిన్నెలపై గుడ్లుపెట్టే పక్షులు మనిషి దగ్గరకు రాగానే లేచిపోతాయి. నీడ తప్పిన గుడ్లు ఎండకు పాడవుతాయి. చిత్రంలో మాత్రం ఎగిరే పక్షి అందంగానే కనిపిస్తుంది.

ముగింపు:
వన్యప్రాణి ఛాయాచిత్రణ చరిత్రను సాధారణంగా సామీప్య విజయంగా చెప్పుకుంటారు. కలివికోడి ఉదంతం అందుకు భిన్నమైన కొలమానాన్ని సూచిస్తోంది. ఛాయాచిత్రం విలువను జీవికి ఎంత దగ్గరగా వెళ్లామన్న దానితో గాక, మనం వెళ్లిపోయాక ఆ జీవి అక్కడే నిలిచిందా అన్న దానితో నిర్ణయించాలి.