పాలిష్ అక్కర్లేని మెరుపుకి పాలిష్!

బ్రాసో డబ్బా ముఖం చూడని ఎన్‌సీసీ క్యాడెట్ అరుదు. బెల్టు బకిల్ మీద రెండు చుక్కలు వేసి పాత బనీను గుడ్డతో రుద్దితే గుడ్డ నల్లబడుతుంది, ఇత్తడి తళతళలాడుతుంది. ఆ నమ్మకంతోనే బైకు సైలెన్సర్‌నీ బ్రాసోతో తోమేవాళ్లు ఊరూరా ఉన్నారు. కానీ ఇత్తడి తీరు వేరు, సైలెన్సర్ తీరు వేరు. ఎందుకో తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

బ్రాసో 1905లో ఇంగ్లండ్‌లోని హల్ నగరంలో రెకిట్ కంపెనీ చేతుల్లో పుట్టింది. మన ఇళ్లలో తెల్లబట్టలకు పెట్టిన రాబిన్ బ్లూ నీలిమందూ ఆ కంపెనీదే. మెత్తటి సిలికా పొడి, కిరసనాయిలు జాతి ద్రావకం, అమ్మోనియా, సబ్బు... బ్రాసో సరుకు ఇదే. చింతపండు, ఇటుకపొడి కలిపి బిందె తోమినట్టే పనిచేస్తుంది. అమ్మోనియా చిలుమును కరిగిస్తే, మిగిలినదాన్ని సిలికా గీకేస్తుంది.

ఆ రోజుల్లో మోటార్‌సైకిళ్ల మెరిసే భాగాలకు నికెల్ పూత వేసేవారు. చూడ్డానికి బాగుండేది కానీ, గాలి తగిలేకొద్దీ పసుపుదేరి మసకబారేది. మళ్లీ మళ్లీ పాలిష్ పట్టక తప్పేది కాదు. ఆ చాకిరీని తప్పించింది క్రోమియం. 1797లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వోక్లాన్ సైబీరియా నుంచి వచ్చిన ఎర్ర ఖనిజంలో దీన్ని కనిపెట్టాడు. మన దేశంలో క్రోమియం ముడిఖనిజం ఎక్కువగా దొరికేది ఒడిశాలోని సుకిందా లోయలో. బొమ్మల ఊరు కొండపల్లి కొండల్లోనూ కొంత ఉంది. అయితే ఈ లోహాన్ని ఇంకో లోహం మీద నిలకడగా పూయడం 1920ల దాకా పరిశ్రమకు పట్టుబడలేదు. అప్పుడు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కాలిన్ ఫింక్ బృందం చేసిన పరిశోధన దారి చూపింది. క్రోమిక్ ఆమ్లం 100 పాళ్లకు సల్ఫేటు 1 పాలు ఉండేలా చూసుకుంటే పూత కుదురుతుంది.

ఇందులో ఒక కిటుకు ఉంది. మనం క్రోమ్ మెరుపు అనుకునేది చాలావరకు దాని కిందున్న నికెల్ మెరుపే. క్రోమియం పైన కాపలా కాస్తుందంతే. ఆ కాపలా పొర మందం సాధారణంగా అర మైక్రాను కూడా ఉండదు. అంటే తలవెంట్రుకలో నూరో వంతుకన్నా పలచన. 1955లో మద్రాసు తిరువొత్తియూరులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్లూ, 1960లలో మైసూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జావాలూ ఊళ్లలో హొయలు పోయింది ఈ పొర అండతోనే.

దాన్ని ఏది గీకుతుంది, ఏది గీకదు? ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద క్రోమియం సుమారు 8.5. బ్రాసోలోని సిలికా 7. కొన్ని పాలిష్ పేస్టుల్లో వాడే అల్యూమినా 9. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచులో ఉండే గరుకు పొడి కూడా సాధారణంగా అల్యూమినాయే. దానితో సైలెన్సర్ రుద్దితే గీతలు ఖాయం. పైపొర పోయాక కింద మిగిలేది నికెల్, దాని గట్టిదనం 4 మాత్రమే. ఇక అది అరగడానికి ఎంతోసేపు పట్టదు.

క్రోమ్ మీద ఎర్రచుక్కలు కనిపిస్తే పేస్టు కోసం పరుగెత్తనక్కర్లేదు. అల్యూమినియం ఫాయిల్ ముక్కను నీళ్లలో తడిపి మెల్లగా రుద్దితే తుప్పు ఊడుతుంది. అల్యూమినియం క్రోమియం కన్నా చాలా మెత్తన కాబట్టి పూతకు గీత పడదు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఆ తర్వాత మంచినీళ్లతో కడిగి, తడి తుడిచి, కొద్దిగా వ్యాక్స్ పట్టించడం మేలు.

బెండ్ పైపు సంగతి వేరు. ఇంజిన్‌కి ఆనుకున్న చోట లేత పసుపు, తర్వాత ఊదా, ఆపైన నీలం రంగులు తేలితే అది మురికి కాదు. వేడికి లోహం మీద పేరుకున్న పలచటి ఆక్సైడు పొర. ప్రత్యేకమైన పేస్టుతో రుద్దితే పోవచ్చు. కానీ గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అందుతున్నా, ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడినా పైపు మరీ వేడెక్కి రంగు మళ్లీ తేలుతుంది. అప్పుడు చూపించాల్సింది మెకానిక్‌కి.

ఏ పాలిష్‌కీ అందని శత్రువు సైలెన్సర్ లోపలే ఉంటుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బండి వీధి చివరిదాకా వెళ్లి ఆగిపోతే పైపు పూర్తిగా వేడెక్కదు. ఆవిరి లోపలే నీరై నిలిచి, తుప్పు లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది. చాలా సైలెన్సర్లకు అడుగున చిన్న రంధ్రం ఉండేది ఆ నీరు కారిపోవడానికే. లీకేజీ అనుకుని దాన్ని మూయించకూడదు.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేనాటికే చాలా బైకుల సైలెన్సర్లు మ్యాట్ నలుపుకి మారిపోయాయి. వాటికి మెటల్ పాలిష్ తగిలితే రంగు అరిగి మచ్చలు పడతాయి. షాంపూ నీళ్లు చాలు. స్టీలు పైపుకి మెత్తటి పేస్టు, క్రోమ్‌కి క్రోమ్ పాలిష్, అదీ అప్పుడప్పుడు, పైపు పూర్తిగా చల్లారాకే. కొన్న డబ్బా ఏళ్ల తరబడి ఖాళీ కాలేదంటే, ఆ బండి యజమాని దాన్ని సరిగ్గానే వాడుతున్నాడని లెక్క.