ఆరళ్లు

బడి బళ్లయినట్టే ఆరడి ఆరళ్లయింది. నింద, వేధింపు, మనసును తొలిచే బాధ, అన్నీ ఆరడే. జనం నోట మాత్రం ఎక్కువగా బహువచనంలో, ‘అత్తింటి ఆరళ్లు’గా వినిపిస్తుంది. ఒక్కరోజుతో తీరే బాధ కాదు కదా!

ఈ మాటలో దెబ్బ ఒక్కటే లేదు. ఎత్తిపొడుపులున్నాయి, పుట్టింటికి పోనివ్వకపోవడం ఉంది, కూలి డబ్బులు లాక్కోవడం ఉంది. చట్టం ఇంతదూరం రావడానికి చాలాకాలం పట్టింది. 1983లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన 498ఏ సెక్షన్ భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరం చేసింది. 2006 అక్టోబరు 26న అమల్లోకొచ్చిన గృహహింస చట్టం మాటలతో, డబ్బుతో పెట్టే ఆరడినీ హింసేనంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కునూ ఇచ్చింది.

పల్నాడు జిల్లా బొల్లాపల్లి లాంటి ఊళ్లో ఇలా నలిగే ఇల్లాలికి ముందు కావాల్సింది ‘సర్దుకుపో అమ్మా’ అనే సలహా కాదు, ఆమె చెప్పేది నమ్మి వినే మనిషి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు. గృహహింస చట్టం కింద నియమించిన రక్షణాధికారి ఫిర్యాదు రాసుకుని మేజిస్ట్రేటుకు నివేదిక పంపాలి.

ఆమె నోరు విప్పలేకపోతే పక్కింటివాళ్లయినా ఆ అధికారికి చెప్పొచ్చు. సదుద్దేశంతో చెప్పినవారిపై ఏ బాధ్యతా పడదని ఆ చట్టం 4వ సెక్షన్ భరోసా ఇస్తోంది.