చలిలో, తడిలో కొండెక్కాలంటే ఎలాంటి బూట్లు కొనాలి?

బెంగళూరు, చెన్నై, పుణె, ముంబయిలలో స్థిరపడిన మన ఇళ్లలోని పిల్లలు సెలవులు రాగానే కొండల బాట పడుతున్నారు. వానాకాలంలో ముళ్లయనగిరి (1,930 మీటర్లు), కల్సుబాయి (1,646 మీటర్లు), చలికాలంలో హిమాలయాలు. స్వెటర్లు చూసి కొంటారు గానీ, బూట్ల దగ్గరే పొరపాటు చేస్తారు.

గాలికంటే నీరు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. పాదాలు గంటల తరబడి చల్లటి తడిలో నానితే, నీళ్లు గడ్డకట్టేంత చలి లేకపోయినా మొద్దుబారి వాచిపోతాయి. చర్మం, నరాలు దెబ్బతింటాయి. దీన్నే ‘ట్రెంచ్ ఫుట్’ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లోని వేలమంది సైనికులను ఇది పీడించింది.

ముందు చోటు చూసుకోండి

సహ్యాద్రి వానల్లో వాగులు దాటాలి. అక్కడ చలి తక్కువ. బూటు పైనుంచి నీళ్లు దిగితే వాటర్‌ప్రూఫ్ బూటు ఆ నీటిని లోపలే పట్టి ఉంచుతుంది. త్వరగా ఆరే, పట్టున్న జాలీ బూట్లే నయం. మంచు, బురద, చలిగాలి ఉండే హిమాలయ దారులకు మాత్రం వాటర్‌ప్రూఫ్ బూట్లు తప్పనిసరి.

కొనేటప్పుడు చూడాల్సినవి

• లోపలి పొర: గోర్‌టెక్స్ వంటి సన్నని పొర నీటిని ఆపి, చెమట ఆవిరిని బయటికి పంపుతుంది.
• నాలుక: రెండు పక్కలా బూటుకు కలిపి కుట్టి ఉండాలి. లేకపోతే ఆ సందులోంచి నీళ్లు చొరబడతాయి.
• ఎత్తు: చీలమండ దాటి ఉండాలి.
• అడుగు: లోతైన గాట్లున్న రబ్బరు. నున్నటి అడుగు తడిరాతిపై జారుతుంది.
• కొలత: పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, మందపాటి ఉన్ని మేజోళ్లు తొడుక్కుని వేసి చూడండి. కాలు ముందుకు జరిపితే మడమ వెనక ఒక వేలు దూరాలి. ఏటవాలుగా దిగినప్పుడు వేళ్లు ముందుకు తగలకూడదు. బిగుతు బూటు రక్తప్రసరణను అడ్డుకుని చలిని పెంచుతుంది.

నూలు మేజోళ్లు వద్దు. అవి తడిని పట్టుకుంటాయి. ఉన్నివి రెండు జతలైనా ఉండాలి. పొడి జతను రాత్రికి దాచుకోండి.

కొన్న తర్వాత

ప్రయాణానికి రెండు మూడు వారాల ముందునుంచే వేసుకుని నడవండి. తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి నీడన ఆరబెట్టాలి. పొయ్యి దగ్గర పెడితే తోలు పగులుతుంది, జిగురు ఊడుతుంది. పైపూత అరిగి బూటు నీళ్లు పీల్చడం మొదలుపెడితే స్ప్రేతో మళ్లీ పూత వేయండి.

ఏళ్ల తరబడి అటకమీద పడి ఉన్న జతను నేరుగా కొండకు తీసుకెళ్లకండి. కొన్ని రకాల బూట్ల అడుగు లోపలి పాలీయురేథేన్ పొర తేమకు పాడై, పైకి బాగానే కనిపిస్తూ నడిదారిలో ఊడిపోతుంది. ముందు ఊళ్లోనే ఒకరోజు నడిచి చూడండి.