టెక్స్చర్ సృష్టి: సహజత్వం, సాక్ష్యం

ఉపోద్ఘాతం

కుప్పం ప్రాంతంలో దొరికే గ్రానైటు పలకను పరిశీలిస్తే ఒకే తీరు మచ్చలు అంతటా కనిపిస్తాయి. అయినా ఏ రెండు భాగాలూ అచ్చంగా ఒకటి కావు. పునరావృత్తి, వైవిధ్యం కలిసిన ఈ ఉపరితల లక్షణాన్నే కంప్యూటర్ శాస్త్రం టెక్స్చర్ అంటుంది. తాటాకు మీది ఈనెలు, పాత కాగితం మీది మరకలు కూడా ఈ కోవలోనివే. యంత్రం దీన్ని సృష్టించగలగడం ప్రాచీన ప్రతుల పరిశోధకులకు ఎందుకు ముఖ్యమో చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

విశ్లేషణ నుంచి సృష్టికి

తొలిదశలో టెక్స్చర్ యంత్రానికి ఒక చిక్కుసమస్య. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాన్ ఓలాండర్, కీత్ ప్రైస్‌లతో కలిసి, రంగుచిత్రాన్ని మళ్ళీమళ్ళీ విభజిస్తూ అందులోని భాగాలను గుర్తించే పద్ధతిని 1978లో ప్రకటించారు. ఇటువంటి పద్ధతులకు ఒకే రంగు గోడ తేలికగా లొంగుతుంది. ఆకుల గుబురు లొంగదు.

సృష్టిలో రెండు మార్గాలు ఏర్పడ్డాయి. మొదటిది సూత్రమార్గం. కెన్ పెర్లిన్ 1985లో ప్రచురించిన పద్ధతి, అదుపులో ఉంచిన యాదృచ్ఛికతతో పాలరాయి, మేఘం వంటి రూపాలను గణితం ద్వారా సాధించింది. రెండవది నమూనామార్గం. 1999లో అలెక్సీ ఎఫ్రోస్, థామస్ లియుంగ్ ప్రతిపాదించిన పద్ధతిలో యంత్రం ఒక్కొక్క చుక్కనే నింపుతుంది. ఖాళీ చుట్టూ ఉన్న అమరికను నమూనాచిత్రంలో వెతికి, దానిని పోలిన చోట్లలో ఒకదాని నుంచి చుక్కను తీసుకుంటుంది. ముందున్న అక్షరాలను బట్టి తరువాతి అక్షరాన్ని ఎంచుతూ ఇంగ్లీషును పోలిన వరుసలను నిర్మించవచ్చని క్లాడ్ షానన్ 1948లో చూపిన ఆలోచనే దీనికి మూలం. 2015లో లియోన్ గాటిస్ బృందం ఈ పనికి నాడీజాల నమూనాలను వినియోగించింది.

ముగింపు

రాజ్ రెడ్డి నేతృత్వం వహించిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టు వంటి ప్రయత్నాల వల్ల నేడు ఎన్నో తెలుగు గ్రంథాలు చిత్రరూపంలో లభిస్తున్నాయి. పురుగు తొలిచిన రంధ్రాన్ని నమూనామార్గం చుట్టుపక్కల ఆకుతో కలిసిపోయేలా పూరించగలదు. అయితే అది పోలికను ఇస్తుందే తప్ప పోయిన అక్షరాన్ని ఇవ్వదు. శిథిలమైన చోట పరిష్కర్తలు చుక్కలు పెట్టి గ్రంథపాతమని సూచించేది ఈ భేదం చెడకూడదనే. అదే నియమం చిత్రాలకూ వర్తించాలి: మూలచిత్రాన్ని మార్చకుండా భద్రపరచాలి; పూరించిన భాగాన్ని గుర్తించి చూపాలి. ఖాళీ కనిపించని ప్రతి కంటికి ఇంపుగా ఉండవచ్చు గాని, పాఠనిర్ణయానికి ఆధారం కాజాలదు.