పైకి వెళ్ళాలా, రైలెక్కాలా?

1987 నవంబరు 18, బుధవారం. సాయంత్రం ఏడున్నర. లండన్‌లోని కింగ్స్ క్రాస్, ఐదు భూగర్భ రైలు లైన్లు కలిసే స్టేషన్. మీరు పికడిల్లీ లైను రైలు దిగి, జనంతో పాటు నడిచి ఎస్కలేటర్ ఎక్కారు. ఇక్కడి పద్ధతి ప్రకారం కుడిపక్క నిలబడ్డారు. తొందరున్నవాళ్లు ఎడమపక్క నుంచి మిమ్మల్ని రాసుకుంటూ ఎక్కిపోతున్నారు.

మీ కాళ్ల కింద ఉన్నవి చెక్క మెట్లు. పక్క పలకలూ చెక్కవే. యంత్రం వయసు యాభై ఏళ్లకు దగ్గర. మెట్టుకీ పలకకీ మధ్య సన్నటి సందు ఉంది. ఆ సందు కింద ఏముందో మీకు కనిపించదు: గ్రీజు, దానికి అంటుకున్న దుమ్ము, రాలిన వెంట్రుకలు, చిరిగిన టికెట్లు, చిత్తుకాగితాలు. ఏళ్ల తరబడి ఎవరూ పూర్తిగా శుభ్రం చేయలేదు.

కాలిన వాసన వస్తోంది. ఎవరో సిగరెట్ వెలిగించారేమో అనుకుంటారు. స్టేషన్లలో పొగ తాగకూడదని 1985లోనే నిషేధం పెట్టారు. కానీ బయటికి పోతూ పోతూ ఎస్కలేటర్ మీదే అగ్గిపుల్ల గీసేవాళ్లు ఇంకా ఉన్నారు.

పైకి చూస్తారు. కొన్ని మెట్ల అవతల, కుడిపక్క సందులో ఎర్రటి వెలుగు. సన్నగా పొగ. ఎవరో ఎమర్జెన్సీ బటన్ నొక్కారు. ఎస్కలేటర్ ఒక్క కుదుపుతో ఆగింది. మంట పక్క నుంచే దాటి పైకి పోవాలా, వెనక్కి దిగాలా? మీ ముందున్న ఇద్దరు దాటేశారు. మీరు దిగారు.

కింద పోలీసు ఒకాయన చేతులు ఊపుతూ దారి చూపిస్తున్నాడు. "విక్టోరియా లైను ఎస్కలేటర్ మీదుగా పైకి వెళ్ళండి." ఆయన తోటి పోలీసు వీధిలోకి పరిగెత్తాడు. భూమి లోపల వాళ్ల రేడియోలు పనిచేయవు మరి. ఫైర్ స్టేషన్‌కు కబురు పంపాలన్నా పైకెక్కాల్సిందే.

విక్టోరియా లైను ప్లాట్‌ఫాం మీద రైలు ఆగి ఉంది. తలుపులు తెరిచే ఉన్నాయి. ఎక్కితే ఇక్కడి నుంచి వెళ్ళిపోవచ్చు. కానీ మంట అంటే ఎవరైనా ఆకాశం కనిపించే చోటికే పోవాలనుకుంటారు. మీరూ అంతే. పైకే నడిచారు.

టికెట్ హాలు. రెండు ఎస్కలేటర్ల జనమూ చేరేది ఇక్కడికే. ఇక్కడ పొగ పలచగానే ఉంది. 7:42. అగ్నిమాపక సిబ్బంది వచ్చారు. మంట ఒక పెద్ద అట్టపెట్టె అంతే ఉందని వాళ్లు చూశారు. ఎవరిలోనూ పెద్ద కంగారు లేదు. కొందరు వీధి నుంచి ఇంకా లోపలికి దిగుతున్నారు. మీరు కాసేపు ఆగి చూద్దామనుకుంటారు.

ఆగకండి. మెట్ల వైపు నడవండి.

మంట పైకి లేవడం లేదు. ఎస్కలేటర్ గాడిలో పడుకుంది. ముప్పై డిగ్రీల వాలు, రెండు వైపులా చెక్క గోడలు. వేడిగాలి వాలునే పట్టుకుని పాకుతోంది. పై మెట్లన్నీ ఒకేసారి కాగుతున్నాయి. ఇలా జరుగుతుందని ఆ రాత్రి అక్కడ ఎవరికీ తెలియదు. తర్వాత విచారణలో కంప్యూటర్ మీద, నమూనా ఎస్కలేటర్ మీద పరీక్షించాకే బయటపడింది.

7:45. వెనక హోరు. వెలుగు. మెడ మీద మంట. అరుపులు. నల్లటి పొగ. దీపాలు కనిపించవు. గోడ తడమండి. మెట్టు. ఇంకో మెట్టు. ఊపిరి పీల్చకండి. ఇంకో మెట్టు.

చల్లగాలి.

మీరు బయటపడ్డారు. ముప్పై ఒక్కమంది బయటపడలేదు. వాళ్లలో అగ్నిమాపక అధికారి కోలిన్ టౌన్స్‌లీ ఒకరు. బయటికి పోయే మెట్ల మొదట్లో, కాలిపోయిన ఒక ప్రయాణికురాలి పక్కనే ఆయన దొరికారు. ఆమెకు సాయం చేయబోయి ఆగిపోయి ఉంటారని అనుకున్నారు. కింద చిక్కుకున్న వందల మంది మాత్రం విక్టోరియా లైను రైళ్లెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు.

మంటలు పూర్తిగా ఆరేసరికి తెల్లవారుజామున రెండు కావస్తోంది. డెస్మండ్ ఫెనెల్ విచారణ నివేదిక మరుసటి ఏడాది వచ్చింది. సందులోంచి జారిపడిన వెలుగుతున్న అగ్గిపుల్లే కారణమని తేల్చింది. అదే ఎస్కలేటర్ కింద అంతకుముందు కూడా మంటలు అంటుకుని, వాటంతటవే ఆరిపోయిన మచ్చలు కనిపించాయి. ఆ మచ్చలు పడినప్పుడే ఎవరైనా గమనించి గ్రీజు కడిగించి ఉంటే ఆ సాయంత్రం అందరూ ఇళ్లకు చేరేవారేమో. భూగర్భ స్టేషన్లలో చెక్క ఎస్కలేటర్లను ఆ తర్వాత తీసేశారు. నేల మీది స్టేషన్ గ్రీన్‌ఫర్డ్‌లో మిగిలిన చివరిదాన్ని 2014లో ఆపేశారు.