కూలిన సచివాలయం, నిలిచిన గగన్ మహల్: రాజధాని కట్టడాల చరిత్రపై పెనుకొండ సీమ నుంచి ఒక పరిశీలన

ప్రవేశిక

2020 జూలై 7 తెల్లవారుజామున హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న పాత సచివాలయ భవనాల కూల్చివేత మొదలైంది. సుమారు 25 ఎకరాల ఆవరణలోని భవన సముదాయంలో 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్ అన్నిటికన్నా పాతది. ఈ కూల్చివేతను గురించిన చర్చ ఎక్కువగా హైదరాబాదు నగర వారసత్వం, తెలంగాణ రాజకీయాల పరిధిలోనే సాగింది. అయితే 1956 నుంచి ఆరు దశాబ్దాల పాటు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రజల పాలనా నిర్ణయాలకు కూడా అదే కేంద్రం. ఆ ప్రాంతం వైపు నుంచి ఈ కట్టడం చరిత్రను పరిశీలించడం, పూర్వ రాజధాని అయిన పెనుకొండలోని గగన్ మహల్‌తో దానిని పోల్చి, ఏ కట్టడం ఎందుకు నిలుస్తుంది, ఏది ఎందుకు కూలుతుంది అన్న ప్రశ్నకు సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్యాలెస్ నుంచి సచివాలయం దాకా

సైఫాబాద్ ప్యాలెస్‌ను ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నిర్మింపజేశాడు. భవనాన్ని చూడవచ్చిన నిజాంకు దారిలో ఉడుము అడ్డువచ్చిందనీ, దానిని అపశకునంగా భావించి ఆయన భవనానికి తాళం వేయించాడనీ జనశ్రుతి. దీనిని చారిత్రక సత్యంగా స్వీకరించనక్కరలేదు. కాని రాజనివాసంగా కట్టిన భవనం కార్యాలయంగా ఎందుకు మారిందన్న ప్రశ్నకు ప్రజలు ఇచ్చుకున్న జవాబుగా దీనికి విలువ ఉంది. కాలక్రమంలో అందులో నిజాం ప్రభుత్వ కార్యాలయాలు వెలిశాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత ఆ ఆవరణ రాష్ట్ర సచివాలయమైంది. ప్యాలెస్ ‘జి’ బ్లాకుగా, ‘సర్వహిత’గా వ్యవహారంలోకి వచ్చింది. అవసరాలు పెరిగినకొద్దీ చుట్టూ కొత్త బ్లాకులు లేచాయి. ఒకే ప్రణాళిక ప్రకారం గాక, పాలన విస్తరించినట్లల్లా పెరుగుతూ వచ్చిన సముదాయమిది.

సీమ నుంచి చూసిన సచివాలయం

1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి రాయలసీమకు రాజధాని అనేది రాజకీయ హక్కుగా పరిణమించింది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. తగినన్ని భవనాలు లేక అనేక కార్యాలయాలు గుడారాలలో పనిచేశాయి. మూడేళ్లకే రాజధాని హైదరాబాదుకు తరలింది. గుడారాల నగరం నుంచి సిద్ధంగా ఉన్న భవనాల నగరానికి సాగిన ప్రయాణమది. కొత్త రాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందినవారు కావడం ఈ సందర్భంలో గమనార్హం.

హిందూపురానికి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. హైదరాబాదు 450 కిలోమీటర్లకు పైమాటే. వ్యాపారానికి, వైద్యానికి దగ్గరి నగరం ఒకటి, అర్జీ పట్టుకొని వెళ్లవలసిన నగరం మరొకటి. ఈ దూరాన్ని కొంత తగ్గించినది ప్రాతినిధ్యం. ఎన్.టి. రామారావు 1985, 1989, 1994 ఎన్నికలలో హిందూపురం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1985 నుంచి 1989 వరకు, తిరిగి 1994 డిసెంబరు నుంచి 1995 వరకు హిందూపురం శాసనసభ్యుడే ముఖ్యమంత్రి. ఆయన హయాంలో 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తాలూకాల పరిధిలోని గ్రామాలకు కార్యాలయం కొంత దగ్గరైంది. పాలన ప్రజల వద్దకు రావాలన్న ఈ ఆలోచన అమలైంది కూడా దూరాన ఉన్న ఆ కేంద్రం నుంచి వెలువడిన ఉత్తర్వులతోనే.

పెనుకొండ: తరలిపోయిన రాజధాని

రాజధాని తరలిపోవడం ఈ సీమకు కొత్త అనుభవం కాదు. పెనుకొండ కోట ఉత్తర ద్వారం వద్ద ఉన్న 1354 నాటి శాసనం బుక్కరాయల కుమారుడు విరూపణ్ణ ఒడయరు ఏలుబడిని, కోట నిర్మాణాన్ని తెలుపుతున్నది. 1565 యుద్ధంలో విజయనగరం పతనమైన పిమ్మట అరవీటి తిరుమల రాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. కొన్ని దశాబ్దాల తరువాత అది చంద్రగిరికి తరలింది. అటుపైని పెనుకొండ బిజాపూరు, మరాఠా, మైసూరు అధికారాల కిందకు వెళ్లి, చివరకు 1800లో దత్తమండలాలలో భాగంగా కంపెనీ వశమైంది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది.

ఇన్ని మార్పుల నడుమ గగన్ మహల్ నిలిచింది. ఇస్లామిక వాస్తు రీతి కమానులు, ఆలయ శిఖరాన్ని తలపించే పైకట్టు కలిసిన రెండంతస్తుల కట్టడమది. హంపిలోని లోటస్ మహల్, చంద్రగిరి రాజమహల్ కూడా ఈ కోవకు చెందినవే. ఆయా స్థలాల నుంచి అధికారం తరలిపోయినా ఈ మూడు కట్టడాలూ మిగిలాయి. రాజధాని అటుపై పెరిగి ఉంటే కొత్త పాలకుడు కొత్త మందిరం కోసం పాతదానిని తొలగించి ఉండేవాడేమో; పెనుకొండలో ఆ అవసరం రాలేదు. పెరుగుతున్న నగరంలో పాత కట్టడం స్థలాన్ని ఆక్రమించుకున్న అడ్డంకిగా కనబడుతుంది. పెరుగుదల ఆగిన పట్టణంలో దాని స్థలం కోసం పోటీ ఉండదు.

కూల్చివేతకు ముందు, తరువాత

2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగినప్పుడు హైదరాబాదును గరిష్ఠంగా పదేళ్ల పాటు ఉమ్మడి రాజధానిగా చట్టం నిర్దేశించింది. సచివాలయ బ్లాకులను రెండు ప్రభుత్వాలు పంచుకొన్నాయి. 2016లో ఆంధ్రప్రదేశ్ పాలనా యంత్రాంగం వెలగపూడికి తరలింది. 2019లో తన వంతు బ్లాకులు తెలంగాణకు దక్కాయి. ఆ ఏడు జూన్ 27న కొత్త సచివాలయానికి శంకుస్థాపన జరిగింది. బ్లాకులు చెల్లాచెదరుగా ఉన్నాయనీ, అగ్నిప్రమాద రక్షణ చాలదనీ ప్రభుత్వం వాదించింది. వాడుకలో ఉన్న భవనాలను కూల్చడం ప్రజాధన వ్యర్థమని వ్యతిరేకులు వాదించారు. 2020 జూన్ నెలాఖరులో హైకోర్టు అభ్యంతరాలను తోసిపుచ్చింది. 2023 ఏప్రిల్ 30న అదే ఆవరణలో 265 అడుగుల ఎత్తుగల డా. బి.ఆర్. అంబేడ్కర్ సచివాలయం ప్రారంభమైంది.

శాసనసభ కోసం ఎర్రం మంజిల్‌ను తొలగించాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో అదే హైకోర్టు కొట్టివేసింది. రెండూ నిజాం కాలపు భవనాలే, రెండూ ప్రభుత్వ కార్యాలయాలే. ఒకటి నిలిచింది, ఒకటి కూలింది. కట్టడం వయస్సు గాని, అందం గాని ఒక్కటే దానిని కాపాడలేవని ఈ జంట ఉదాహరణ చెబుతున్నది.

‘సచివాలయం’ అన్న మాట

భవనం కూలక ముందే దాని పేరు మరో అర్థాన్ని సంతరించుకొన్నది. ‘సచివుల ఆలయం’ అన్న అర్థంలో రాష్ట్రానికి ఒక్కటిగా ఉన్న ఈ మాట, 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పటి నుంచి వీధి చివరి కార్యాలయానికి వర్తించింది. ఇప్పుడు హిందూపురంలో ‘సచివాలయానికి వెళ్లొస్తాను’ అంటే పింఛను కోసమో, ధ్రువపత్రం కోసమో వార్డు కార్యాలయానికి వెళ్లడమే. మునుపు అదే వాక్యం రాత్రంతా సాగే ప్రయాణాన్ని సూచించేది. సచివుడు లేని సచివాలయం భాషలో స్థిరపడడం పాలనా చరిత్రతో పాటు అర్థపరిణామ చరిత్రకు కూడా చక్కని ఉదాహరణ. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు హిందూపురాన్నే కేంద్రం చేయాలని సాగిన ఆందోళనలో కూడా పాత ప్రశ్నే వినిపించింది: కార్యాలయం ఎవరికి దగ్గర, ఎవరికి దూరం?

ఉపసంహారం

పెనుకొండలో పాలనా పత్రం కోట రాతిపైనే ఉంది. ఆ గోడ కూలితే ఆధారమూ పోతుంది. హైదరాబాదులో ఉత్తర్వులు కాగితంపై ఉన్నాయి గనుక భవనం పోయినా అవి మిగులుతాయి. కాని ఏ ఫైలులోనూ చేరనిది ఒకటుంది. ధర్మవరం నేత కార్మికుడు, పెనుకొండ రైతు, హిందూపురం ఉద్యోగి ఆ భవనం గేటు వద్ద వేచి ఉన్న అనుభవం అది. ఆ నిరీక్షణకు సాక్ష్యంగా నిలిచిన వరండాలు, మెట్లు ఇప్పుడు లేవు. అక్కడికి వెళ్లిన తరం ఇంకా ఉన్నది. సచివాలయ చరిత్రను ఆ అర్జీదారుల మౌఖిక కథనాల నుంచి సేకరించవలసిన బాధ్యత తెలుగు శాఖలది కూడా. ఉడుము కథను భద్రపరచిన జనశ్రుతి ఈ అనుభవాలనూ భద్రపరచగలదు. అయితే అవి మరుగున పడకముందే వాటిని నమోదు చేయాలి.