గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి, దాని ఎదుటి సత్రం

గుంటూరులో ఆడవాళ్లకూ పిల్లలకూ ఉద్దేశించిన మిషన్ ఆసుపత్రి 1898 జూన్ 23న తెరుచుకుంది. అప్పటికి దానివి యాభై పడకలు. దాన్ని నిలబెట్టింది అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషన్ డాక్టరు అన్నా సారా కుగ్లర్. కొన్నేళ్లకు దాని ఎదురుగా ఇంకో కట్టడం లేచింది. అందులో మందులూ లేవు, డాక్టర్లూ లేరు. రోగుల వెంట వచ్చిన ఇంటివాళ్లు తలదాచుకోవడానికి ఏలూరు జమీందారు రాజా భుజంగరావు కట్టించిన విడిది అది. గుంటూరు గురించి చెప్పుకునేటప్పుడు ఆసుపత్రి పేరు వచ్చినంతగా ఈ సత్రం ఊసు రాదు. బీద రోగికి మాత్రం రెండూ కావలసినవే.

గుంటూరులో లూథరన్ మిషన్ అంతకు చాలా ముందే వేళ్లూనుకుంది. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జూలై 31న ఊళ్లో అడుగుపెట్టాడు. కొన్నేళ్లు పనిచేసి స్వదేశం వెళ్లి, బాల్టిమోర్‌లో వైద్యం చదువుకుని, యాభై దాటిన వయసులో డాక్టరు పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చాడు. మతం చెప్పడానికి వచ్చినవాడు ఆ వయసులో బడిబాట పట్టాడంటే ఇక్కడి జనానికి ముందు కావలసిందేమిటో ఆయనకు బాగానే అర్థమైందన్నమాట. అయితే మగ డాక్టరు ఎంత మంచివాడైనా ఘోషాలో ఉన్న స్త్రీల దగ్గరికి వెళ్లలేడు. హిందువుల్లోనూ పెద్దింటి ఆడవాళ్లు పరాయి మగవాడి చేత నాడి చూపించుకునేవాళ్లు కారు. కాన్పు కష్టమైతే మంత్రసానే దిక్కు, ఆమె వల్ల కాకపోతే దేవుడే దిక్కు. ఈ ఇబ్బంది ఒక్క గుంటూరుదే కాదు. మద్రాసులో మేరీ షార్లీబ్ ఘోషా స్త్రీల కోసం ఆసుపత్రి పెట్టిందీ, లేడీ డఫరిన్ దేశవ్యాప్తంగా స్త్రీ వైద్య నిధి ప్రారంభించిందీ 1885లోనే. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని ఇప్పటికీ జనం ఘోషాసుపత్రి అనే అంటారు.

కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో పుట్టారు. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా తీసుకుని, నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో స్త్రీల విభాగంలో పనిచేశారు. స్త్రీలకు వైద్యం చేసే మనిషి కావాలని గుంటూరు మిషన్ నుంచి ఆడమ్ రో అనే పాదరీ రాసిన ఉత్తరం ఆమెను ఇటు తిప్పింది. అమెరికాలోని లూథరన్ మహిళా సంఘం ఆమెను పంపడానికి ఒప్పుకుంది గాని, డాక్టరుగా పంపలేదు. వైద్యానికి తమ దగ్గర ఏర్పాటు లేదనీ, జనానాల్లో చదువు చెప్పే పంతులమ్మగా వెళ్లవచ్చనీ చెప్పింది. ఆమె సరేనని, వైద్య పరికరాలు కూడా పెట్టెలో సర్దుకుని బయల్దేరారు. 1883 నవంబరు 29న గుంటూరు చేరారు.

బడిపనికి వచ్చిన దొరసాని వైద్యం తెలిసిన మనిషని తెలిశాక జనం ఆగుతారా? మొదటి ఏడాదే ఆమె బసకు రోగులు రావడం మొదలైంది, ఇళ్లకూ పిలుపులు వచ్చాయి. పెద్దకులాల ఇళ్లలో ఆమె అంటరాని మనిషే. నాడి చూస్తే మైల, ఇచ్చిన మందులో నీళ్లు కలిపితే ఇంకా మైల. అయినా ప్రాణం మీదికి వచ్చినప్పుడు కబురు ఆమెకే వెళ్లేది. పంపిన సంఘం కూడా దారికొచ్చింది. 1885 డిసెంబరులో ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. అంటే రెండేళ్లు ఆమె చేసిన వైద్యం కాగితాల్లో లేని ఉద్యోగం.

ఆసుపత్రి కట్టాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బులో పెద్ద భాగం అమెరికాలోని లూథరన్ చర్చిల ఆడవాళ్లు పోగుచేసింది. ఊళ్లో పద్దెనిమిది ఎకరాల స్థలం కొన్నారు. 1893 ఫిబ్రవరిలో ముందుగా డిస్పెన్సరీ తెరిచారు, ఐదేళ్ల తర్వాత ఆసుపత్రి లేచింది. ఈలోగా నర్సు క్యాథరిన్ ఫాస్, డాక్టరు మేరీ బేర్ వచ్చి చేరారు. ఇక్కడి అమ్మాయిలకు నర్సు పని నేర్పారు. తరువాతి కాలంలో పిల్లల వార్డు, కాన్పుల విభాగం, ఆపరేషన్ గది ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కులాన్ని బట్టి గాని మతాన్ని బట్టి గాని రోగిని వెనక్కి పంపకపోవడం మిషన్ పద్ధతి. వచ్చిన రోగులకు బోధ వినిపించడమూ ఆ పద్ధతిలో భాగమే. ఊరివాళ్లు రెండోదాన్ని చూసీ చూడనట్టు ఊరుకుని మొదటిదాన్ని పట్టుకున్నారు.

అయితే ఆసుపత్రి చూసేది రోగిని. మన పల్లెల నుంచి రోగి ఒంటరిగా ఎప్పుడూ రాదు. కాన్పు కష్టమైన కోడల్ని బండిలో పడుకోబెట్టి తెస్తే, వెంట అత్తగారుంటుంది, కన్నతల్లి ఉంటుంది, చంకలో ఎడపిల్ల ఉంటుంది, బండి తోలిన మరిది ఉంటాడు. గంపలో బియ్యం, ఉప్పు, చింతపండు, ఒక గిన్నె, ఒక చెంబు. రోగిని లోపలికి తీసుకున్నాక వీళ్లంతా ఎక్కడ ఉండాలి? చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి వండుకోవాలి. వానొస్తే బండి కిందికి దూరాలి. మడీ ఆచారమూ ఉన్నవాళ్లయితే పరాయి చేతి వంట ముట్టరు, పరాయి బావి నీళ్లు తాగరు, ఆసుపత్రి అన్నం రోగికీ పెట్టనివ్వరు. వాళ్లు రోజూ వండి తెస్తేనే ఆమె తినేది. పస్తులు ఉండలేకో, పొలంలో పని ఆగిపోయిందనో, వైద్యం సగంలో ఉండగానే రోగిని బండెక్కించుకుని పోయే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉండేది. మందు ఉచితమైనా మకాం ఉచితం కాదు.

ఏలూరు రాజాగారి సత్రం ఈ లోటు తీర్చడానికి పుట్టింది. రాజా మంత్రిప్రగడ భుజంగరావు సాహిత్యలోకానికి కొత్తవారు కాదు. ఆయన కవి, ‘ఆధునిక కవిజీవితములు’ గ్రంథకర్త, ఏలూరు నుంచి ‘మంజువాణి’ పత్రిక నడిపిన మనిషి. ఆయన భార్య జబ్బుపడినప్పుడు కుగ్లర్ వైద్యం చేసి నయం చేశారు. ఆ కృతజ్ఞతతో ఆసుపత్రికి ఎదురుగా రోగుల కుటుంబాలు ఉండడానికి విడిది కట్టించి ఇచ్చారు. జమీందారు తలచుకుంటే ఆసుపత్రిలోనే తన పేర ఒక వార్డు కట్టించవచ్చు, అందరికీ కనపడేది అదే. ఆయన రోడ్డుకు ఈవలి వైపు చూశారు. తన ఇంటి మనిషి మంచాన పడినప్పుడు పక్కన కూర్చున్నవాడికి తట్టిన ఆలోచన అది.

సత్రాలు కట్టించడం తెలుగు నేల మీద కొత్త సంగతేమీ కాదు. అయితే అవి చాలావరకు కాశీయాత్రకో, తిరపతి యాత్రకో, పుష్కరాలకో పోయే బాటసారుల కోసం కట్టినవి. యాత్రికుడికి అన్నం పెట్టడం పుణ్యమని అందరికీ తెలుసు. గుంటూరులో జరిగిందల్లా ఆ పాత ధర్మాన్ని ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకురావడం. హిందూ జమీందారు డబ్బుతో కట్టిన విడిది క్రైస్తవ ఆసుపత్రికి ఎదురుగా ఉండడం ఇంకో రకంగా కూడా పనికొచ్చింది. మిషన్ కాంపౌండులో కాలు పెట్టడానికి జంకే కుటుంబాలకు రోడ్డుకు ఈవల తమ ఆచారం తమకుంటుంది, ఆవల వైద్యం అందుతుంది.

కుగ్లర్ సేవకు ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. చీరాల, రెంటచింతలల్లోనూ మిషన్ ఆసుపత్రులు వెలిశాయి. గుంటూరు ఆసుపత్రి కథను ఆమె 1928లో పుస్తకంగా వెలువరించారు. 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూశారు. నలభై ఏడేళ్ల కిందట పంతులమ్మగా వచ్చిన ఊరది. ఆ తర్వాత ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు. ఇప్పుడు కుగ్లర్ ఆసుపత్రి ఉన్న కొత్తపేట ప్రాంతం సందుకో నర్సింగ్ హోమ్, గుమ్మానికో మందుల షాపుతో ఊరికి డాక్టర్ల పేటగా మారింది.

1946లో గుంటూరు వైద్య కళాశాల వచ్చాక బీద రోగుల రద్దీ పెద్దాసుపత్రికి, అంటే ప్రభుత్వ సర్వజనాసుపత్రికి మళ్లింది. పల్నాడు, ప్రకాశం పల్లెల నుంచి కూడా జనం అక్కడికే వస్తారు. వార్డు బయట వరండాలో పరిచిన ప్లాస్టిక్ చాపలు, కిటికీ చువ్వలకు ఆరేసిన తువ్వాళ్లు, ఎక్స్‌రే కవరు విసనకర్రగా ఊపుకుంటున్న ముసలమ్మ. బండ్లు పోయి బస్సులొచ్చాయి తప్ప వెంట వచ్చినవాళ్ల అవస్థ పెద్దగా మారలేదు. గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్లు ‘జింఖానా’ పేరుతో సంఘం పెట్టుకుని ఈ ఆసుపత్రికి భవనాలకూ సదుపాయాలకూ విరాళాలు పంపారు. ఒకప్పుడు అమెరికా చర్చిల నుంచి కుగ్లర్‌కు వచ్చిన డబ్బు, ఇప్పుడు అక్కడి తెలుగువాళ్ల నుంచి వస్తోంది.

ఊళ్లో ఈ కాలపు ధర్మసంస్థల్లో చెప్పుకోదగినది సహృదయ ట్రస్టు. గుండె శస్త్రవైద్యుడు ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే ఆధ్వర్యంలో ఈ ట్రస్టు ప్రభుత్వంతో కలిసి 2015లో పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషన్లు మొదలుపెట్టింది. గుంటూరు బీదవాడు బైపాస్ కోసం హైదరాబాదుకు పోవలసి వస్తే ఆ భారం చిన్నది కాదు. రోగి ఒక్కడి ఛార్జీలతో తీరేది కాదది, ఇంటిల్లిపాదీ పరాయి ఊళ్లో మకాం. 2016 మేలో అక్కడే గుండె మార్పిడి చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాసుపత్రిలో అలాంటి ఆపరేషన్ జరగడం అదే మొదలు. గోఖలేకు ఆ ఏడాదే పద్మశ్రీ వచ్చింది.

వైద్యం ఖర్చు మటుకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో చాలావరకు ప్రభుత్వం నెత్తినెత్తుకుంది. రోగి భోజనం, ఇంటికి తిరిగి వెళ్లే ఛార్జీ కూడా ఆ పథకంలో చేర్చారు. మిగిలింది కూలి. ఆపరేషన్ అయినవాడు నెలరోజులు మంచం దిగకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. దీనికి సాయంగా ఆరోగ్య ఆసరా పథకాన్ని 2019 డిసెంబరు 2న గుంటూరులోనే ప్రారంభించారు. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్న కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా రోగి బ్యాంకు ఖాతాలో వేయాలని అందులో నిర్ణయించారు. రోగి వెంట ఉండి కూలి పోగొట్టుకున్న ఇంటి మనిషికి మాత్రం అందులో ఏమీ రాయలేదు.